నిండుకుండతో వచ్చినవాడు

మా శుక్రవారం తెలుగు తరగతి పిల్లలు ఈ ఏడాది అయోధ్యాకాండలోని కొన్ని ఘట్టాలను నాటకంగా ప్రదర్శించవలెనని అనుకొన్నారు. పాత్రలు పంచుకొంటున్న వేళ ఒక తల్లి నన్ను పక్కకు పిలిచి, "మాస్టారూ, దశరథుడు మునికుమారుణ్ణి పొరపాటున చంపిన ఆ ముక్క వదిలేద్దామండీ. రాముడు అడవికి వెళ్ళడం, భరతుడు పాదుకలు తేవడం చాలదా? పసివాడు బాణం తగిలి చనిపోవడం మా పిల్లలకు ఇప్పుడెందుకు?" అని అడిగినది. నేను వెంటనే సమాధానం చెప్పలేకపోయినాను. నేను ముప్పై ఏళ్ళకు పైగా బడిలో గణితం చెప్పినవాణ్ణి. తెలుగు అక్షరాలు మాత్రం ఉద్యోగ విరమణ తరువాత, సాయంకాలపు తరగతిలో, నా మనుమల వయసు పిల్లల పక్కన కూర్చొని దిద్దుకొన్నవాణ్ణి. సాహిత్యం గురించి నన్ను అడిగితే నెమ్మదిగా చదివి, నెమ్మదిగా చెప్పవలసి ఉంటుంది. ఈ వ్యాసం ఆమెకు నేను ఆలస్యంగా చెప్పుకొంటున్న సమాధానం.

ఆమె భయానికి కారణాలు ఉన్నవి. దోహాలో చాలాకాలంగా ఉంటున్నవారు 2012 మే 28వ తేదీని మరచిపోలేదు. విల్లాజియో మాల్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో 19 మంది మరణించినారు. వారిలో 13 మంది అక్కడి శిశుపాలన కేంద్రంలోని పసిపిల్లలు. నలుగురు వారి ఉపాధ్యాయులు. ఇద్దరు వారిని కాపాడడానికి లోపలికి వెళ్ళిన అగ్నిమాపక సిబ్బంది. ఆ తరువాత పదేళ్ళకు, 2022 సెప్టెంబరులో, అల్ వక్రాలో బడిబస్సులోనే నిద్రపోయిన ఒక చిన్నారిని ఎవరూ గమనించక తలుపులు మూసి వెళ్ళినారు. ఆ వేడికి బిడ్డ ప్రాణం పోయినది. ఈ ఊళ్ళో ఉదయం పిల్లవాణ్ణి బస్సు ఎక్కించే ప్రతి తల్లీ ఆ వార్తను తనతో మోస్తూనే ఉన్నది. కనుక ఆమె మాటను నేను తేలికగా తీసివేయలేదు. కాని ఆ వారమంతా వాల్మీకి రామాయణంలోని అయోధ్యాకాండ 63, 64 సర్గలను తాత్పర్యం సాయంతో మళ్ళీ చదివినాను. ఆ కథ మనకు తెలుసునని అనుకొంటున్నాము గాని, మనకు తెలిసినది ఆ కథ కాదు.

మన పిల్లల పుస్తకాలలో ఈ కథకు పేరు శ్రవణకుమారుని కథ. బొమ్మలో ఒక యువకుడు, భుజాన కావడి, కావడి తట్టలలో గుడ్డివారైన తల్లిదండ్రులు. కింద 'మాతాపితరుల సేవ' అని ఒక వాక్యం. బాణం వేట సన్నివేశంగా ఒక పేరాలో ముగిసిపోతుంది. నీతి ముందే నిర్ణయమైనది కనుక మరణం దానికి అలంకారమవుతుంది. వాల్మీకిలో కావడి లేదు. తీర్థయాత్ర లేదు. ఆ కుర్రవానికి పేరు కూడా లేదు. తల్లిదండ్రులు తమ ఆశ్రమంలో దాహంతో కూర్చొని ఉన్నారు; కొడుకు చీకటిలో నీళ్ళకు వచ్చినాడు. ఇంతే.

ఈ కథ ఎవరు, ఎవరికి, ఎప్పుడు చెప్పినారన్నది మనము సాధారణంగా పట్టించుకోము. చెప్పినవాడు దశరథుడు. విన్నది కౌసల్య. రాముడు అడవికి వెళ్ళిన తరువాత ఆరవ రాత్రి, అర్ధరాత్రి వేళ. అంతకు ముందే వారిద్దరి మధ్య బిడ్డను పోగొట్టుకొన్న ఇంటిలో జరిగే సంభాషణ జరిగినది: కౌసల్య భర్తను నిష్ఠూరంగా నిందించినది, ఆయన చేతులు జోడించినాడు, ఆమె తన మాటకు తానే సిగ్గుపడినది. ఆ అలసటలో ఆయన కొంతసేపు కన్నుమూసి, మేల్కొని, చెప్పడం మొదలుపెట్టినాడు. నీతో నా వివాహం కాకముందు, నేను యువరాజుగా ఉన్నప్పుడు అని ఆరంభించినాడు. అంటే ఇది వారి దాంపత్యం కన్న పాతది. ఇన్ని సంవత్సరాలలో ఆమెకు ఎన్నడైనా చెప్పినట్లు కథలో ఎక్కడా కనిపించదు. ఒక ఇంటి చరిత్రలో అడుగున పడి ఉన్న ఒక పసివాని మరణం, ఇంకొక కొడుకు దూరమైనప్పుడే పైకి వచ్చినది.

చెప్పే తీరులో ఆయన తనను తాను వెనకేసుకొని రాలేదు. వర్షాకాలం, సరయూ తీరం, రాత్రి. కంటికి కనబడని గురిని చప్పుడును బట్టి కొట్టగలడన్న కీర్తి తనకు ఉన్నదని, ఆ గర్వంతోనే వెళ్ళినానని చెప్పుకొన్నాడు. కుండలో నీరు నిండుతున్న బుడబుడ శబ్దం ఆయనకు ఏనుగు తొండం చప్పుడుగా వినిపించినది. బాణం వదిలినాడు. తరువాత వినిపించినది మనిషి గొంతు. నన్నెందుకు కొట్టినారు, నేనెవరికి ఏమి చేసినాను అని ఆ కుర్రవాడు అడిగినాడు. తన ప్రాణం కన్న ఇంటిలో ఎదురుచూస్తున్న ముసలివారి గతి ఏమగునో అని ఎక్కువ ఏడ్చినాడు. ఒక్క బాణంతో ముగ్గురు చచ్చినారని లెక్క చెప్పినాడు. గణితం చెప్పినవాణ్ణి కనుక ఆ లెక్క దగ్గర నేను చాలాసేపు ఆగిపోయినాను. ఆపైన ఒక మాట. రాజు బ్రాహ్మణ హత్య చేసినానేమో అని వణకుతుంటే, చనిపోతున్న ఆ బిడ్డే ధైర్యం చెప్పినాడు: నేను ద్విజుణ్ణి కాను, నా తండ్రి వైశ్యుడు, తల్లి శూద్ర స్త్రీ అని. తాను పోతూ, తన్ను చంపినవాని భయాన్ని తీర్చిన పిల్లవాడు. కావడి బొమ్మలో ఈ మాటకు చోటు లేదు. మన పిల్లల పుస్తకాల మీద నాకున్న ఫిర్యాదులలో ఇది మొదటిది: అతని సేవను మెచ్చుకొంటూ అతని మాటలను తీసివేసినారు.

బాణం తీయగానే ప్రాణం పోయినది. అప్పుడు దశరథుడు ఏమి చేసినాడు? పారిపోవచ్చు. చీకటి, సాక్షి లేడు, తల్లిదండ్రులకు కళ్ళు లేవు. ఆయన ఆ కుండను నిండుగా నీళ్ళతో తీసుకొని ఆ బిడ్డ చూపిన కాలిబాటన వెళ్ళినాడు. అడుగుల చప్పుడు విని ముసలితండ్రి, ఇంత ఆలస్యమెందుకైనది నాయనా, నీళ్ళలో ఆడుకొంటూ ఉండిపోయినావా, మీ అమ్మ కంగారు పడుతున్నది అన్నాడు. ఆ మాటకు బదులు ఇవ్వవలసినవాడు దశరథుడు. నేను దశరథుణ్ణి, మీ కుమారుణ్ణి కాను అన్నాడు. రామాయణంలో యుద్ధాలు ఎన్నో ఉన్నవి గాని, ఇంత ధైర్యం కావలసిన వాక్యం నాకు మరొకటి కనబడలేదు.

కాళిదాసు రఘువంశం తొమ్మిదవ సర్గలో ఇదే కథ చెప్పినాడు, వేటను వర్ణించి, నదిని తమసగా మార్చి. అక్కడ రాజు బాణం తీయకుండానే ఆ బిడ్డను తల్లిదండ్రుల దగ్గరకు మోసుకొని వెళ్తాడు. తల్లిదండ్రుల సమక్షంలోనే బాణం తీస్తారు, ప్రాణం పోతుంది. కడసారి బిడ్డ శరీరం వెచ్చగా వారి చేతికి తగిలినదని అనుకొంటే ఇది వాల్మీకి కన్న దయగల మార్పు. కాని ఆ తరువాత శాపం వస్తుంది, నీవూ ముసలితనంలో కొడుకు కోసం ఏడ్చి చస్తావని. దానికి కాళిదాసుని దశరథుడు, ఇంకా కొడుకు ముఖం చూడని నాకు ఈ శాపం వరమే, నిప్పు పొలాన్ని కాల్చినా విత్తు మొలకెత్తే శక్తినిస్తుంది కదా అంటాడు. పండితులు ఎంతగానో మెచ్చుకొన్న ఉపమానం ఇది. నాకు మాత్రం మింగుడుపడదు. ఆ మాట ఎవరి చెవిని పడినది? కొడుకు శవం ముందున్న గుడ్డితండ్రి చెవిని. ఎంత అందమైన ఉపమానమైనా, చెప్పిన చోటు తప్పితే అది క్రూరమే. వాల్మీకి దశరథుడు ఆ చోట అటువంటి చమత్కారం పలకలేదు. వాల్మీకి గొప్పతనం ఇక్కడ ఆ మౌనంలో ఉన్నదని నా అభిప్రాయం; పెద్దలు ఒప్పుకోకపోవచ్చు.

ఇంతవరకు పుస్తకం మాట. ఇంటి మాట కొంత చెప్పనిదే ఈ సర్గలు నాకెందుకు ఇంత పట్టుకొన్నవో తెలియదు.

మా పెద్దలు మద్రాసు రేవులో ఓడ ఎక్కి నాటాలుకు చెరకు తోటల కూలీలుగా వెళ్ళినవారు. 1860 నుంచి 1911 వరకు ఆ విధంగా ఒప్పందం మీద నాటాలు చేరినవారు 152,184 మంది. ఓడలలో వచ్చిన ప్రతి మనిషికి ఒక సంఖ్య, ఆ సంఖ్య ఎదుట పేరు, తండ్రి పేరు, ఊరు రాసిన దస్తావేజులు నేటికీ ఉన్నవి. మా ముత్తాత ఆ దస్తావేజులలో ఉన్నాడు. మా ముత్తవ్వ ఉన్నది. అక్కడే తోటలో పుట్టిన వారి చిన్నకొడుకు ఏ ఓడా ఎక్కలేదు కనుక అతనికి సంఖ్య లేదు. నాలుగేళ్ళకు పోయినాడు. జ్వరం వచ్చి పోయినాడని మా ఇంటిలో చెప్పుకొనేవారు.

అతని అక్క మా అవ్వ, నాన్న తల్లి. ఆమె మాకు రాత్రిళ్ళు రామాయణం చెప్పేది, తెలుగు కొంత, ఇంగ్లీషు కొంత, జూలూ మాటలు కొన్ని కలిపి. దశరథుని వేట కథ మాత్రం ఎప్పుడూ కుండ చప్పుడు దగ్గర ఆపేసేది. తరువాత ఏమైనదవ్వా అంటే నిద్రపొమ్మనేది. ఆమె పోవడానికి కొద్ది రోజుల ముందు మంచం మీద నుంచి నాతో తెలుగులో ఒక మాట అన్నది. నాకప్పుడు తెలుగు వినడమే తప్ప రాదు. 'తమ్ముడు', 'నాన్న', 'బండి' అన్న మూడు మాటలు అర్థమైనవి. తమ్ముణ్ణి బండి మీద ఊరేగించిన ముచ్చట ఏదో తలచుకొంటున్నదని తల ఊపినాను.

చాలా ఏళ్ళ తరువాత సాయంకాలపు తరగతిలో క్రియకు 'ఇన' చేర్చి నామవాచకం ముందు పెట్టడం నేర్పుతూ పంతులమ్మగారు నల్లబల్ల మీద ఒక ఉదాహరణ రాసినారు: రైతు తోలిన బండి. నేను కలం కింద పెట్టేసినాను. అవ్వ అన్న మాట 'నాన్న తోలిన బండి'. నాన్న తోలిన బండి కింద తమ్ముడు. చెరకు మోసే ఎద్దుబండి మా ముత్తాత చేతిలో ఉండేది. ఏడేళ్ళ పిల్ల అది చూసినది, ఎనభై ఏళ్ళు దాచుకొన్నది, చివరకు అర్థం చేసుకోలేని మనుమడి చెవిని వేసిపోయినది. ఆమె తన మొదటి కొడుకుకు ఆ తమ్ముని పేరే పెట్టుకొన్నది. ఆయన మా నాన్న. తన పేరు ఎక్కడ నుంచి వచ్చినదో తెలియకుండానే ఆయన వెళ్ళిపోయినాడు.

మా ముత్తాతను నేను నిందించను. జ్వరమని చెప్పడం దయ అని చాలాకాలం నేను కూడా అనుకొన్నాను. కాని ఆ అబద్ధం ఎవరిని కాపాడినది? ఆ ఏడేళ్ళ పిల్లను కాదు. దశరథుడు ఆశ్రమంలో నిజం చెప్పగలిగినవాడు, సొంత ఇంటిలో ఒక జీవితకాలం చెప్పలేకపోయినాడు. ఇది తప్పు పట్టదగిన విషయమే, వాల్మీకి దీనిని కప్పిపుచ్చలేదు. పరాయివాని ముందు ఒప్పుకోవడం కన్న పక్కన పడుకొనే మనిషికి చెప్పడం కష్టమని ఆయనకు తెలిసినట్లున్నది.

చిన్ననాటి గాంధీగారు కూడా శ్రవణుని పితృభక్తి నాటకం పుస్తకాన్ని చదివినారని, కావడి మోసే శ్రవణుని బొమ్మను ఊరూరా తిరిగి చూపించేవారి దగ్గర చూసినారని ఆయన ఆత్మకథ 'సత్యశోధన'లో ఉన్నది. ఆ సేవను అనుకరించవలెనని ఆయన అనుకొన్నారు, నిజమే. అయితే ఆయన మనసులో చివరిదాకా నిలిచినది శ్రవణుని మరణానికి తల్లిదండ్రులు చేసిన విలాపమని, ఆ పాట వరుసను తండ్రి కొనిచ్చిన కన్సర్టీనా మీద వాయించేవాణ్ణని కూడా ఆయనే రాసినారు. 1893లో ఆయన మా నాటాలుకు వచ్చి మా పెద్దల వంటివారి ఫిర్యాదులు రాయడం మొదలుపెట్టినారు. ఆ విలాపం విన్న చెవే ఈ ఫిర్యాదులూ విన్నదని నేను అనుకొంటాను. ఏడ్పును తీసివేసి సేవను మాత్రమే నేర్పవలెననే వారు ఆ పేజీలను చదవవలెను.

పోయిన బిడ్డ తిరిగివచ్చే కథలూ మనకు ఉన్నవి. బౌద్ధుల సామ జాతకం ఇదే కథ: కాశీరాజు బాణం, నీళ్ళకు వచ్చిన కుమారుడు, అంధులైన తల్లిదండ్రులు. అజంతా గోడల మీద, సాంచీ తోరణం మీద ఆ కథ ఉన్నది. అక్కడ సత్యవాక్కు మహిమతో సాముడు లేచి కూర్చొంటాడు. మన తెలుగువారికి ఇంకా దగ్గరిది కుమ్మరి భక్తుడు గోరా కథ. 1977లో వచ్చిన 'చక్రధారి' చిత్రంలో అక్కినేని నాగేశ్వరరావుగారు వేసిన పాత్ర. బిడ్డను చూస్తూ ఉండమని చెప్పి భార్య నీళ్ళకు వెళ్తుంది. విఠలుని నామంలో మునిగి మట్టి తొక్కుతున్న గోరా కాళ్ళ కింద పసివాడు నలిగిపోతాడు. భార్య తిరిగివచ్చి అడిగే ప్రశ్నలకు గోరా దగ్గర జవాబు లేదు. ఆ కథకు ప్రాణం ఆ తల్లి కోపంలో ఉన్నది. చివర పండరిపురంలో స్వామి అనుగ్రహంతో బిడ్డ మళ్ళీ దొరుకుతాడు. భక్తికథకు అది తగిన ముగింపే, నేనూ చేతులు జోడిస్తాను. కాని అటువంటి కథ ఒక్కటే విన్న ఇంటిలో, బిడ్డ తిరిగిరాని తల్లి తన భక్తిలోనే ఏదో లోపమున్నదని అనుకొంటుంది. ఆమె కోసమైనా వాల్మీకి కథ ఉండవలెను. అందులో బిడ్డ దివ్యరూపంతో స్వర్గానికి వెళ్తూ కనబడతాడు గాని, ఇంటికి రాడు.

ఆ ముసలితండ్రి తీర్పును కూడా ఒకసారి చూడవలెను. మొదట ఆయన, నీకై నీవు వచ్చి చెప్పకపోయి ఉంటే నీ తల లక్ష ముక్కలయ్యేది అన్నాడు. తెలిసి చేసి ఉంటే నీ వంశమే మిగిలేది కాదన్నాడు. తెలియక చేసినావు కనుక బ్రహ్మహత్య వంటి పాపం నిన్ను అంటదన్నాడు. అయినా శాపమిచ్చినాడు. కొడుకు చల్లబడిన చేతిని పట్టుకొని కూర్చొన్న మనిషి ఇంత తూచి మాట్లాడినాడు. ప్రమాదమన్న మాటతో తప్పంతా తుడిచిపెట్టుకొని పోదు, తప్పున్నంత మాత్రాన అది హత్యా కాదు. విల్లాజియో మంటల తరువాత కూడా విచారణలు, న్యాయస్థానాలు తూచవలసి వచ్చినది ఇదే. నేను మా ముత్తాత విషయంలో చేయగలిగినదీ ఇంతే.

వాల్మీకి మీద నాకు ఒక ఫిర్యాదు ఉన్నది. మనము చదివే దాక్షిణాత్య పాఠంలో విలాపమంతా తండ్రి నోటనే ఉన్నది. తెల్లవారుజామున ఎవరు శాస్త్రం చదివి వినిపిస్తారు, ఎవరు కందమూలాలు తెచ్చి తినిపిస్తారు అని తండ్రి ఏడుస్తాడు, మీ అమ్మ వైపు చూడు నాయనా అంటాడు. ఆ అమ్మ ఏమన్నదో మనకు వినిపించదు. మా ముత్తవ్వ కూడా ఏమన్నదో మాకు తెలియదు. ఆ బండి మళ్ళీ ఎక్కలేదని మాత్రం తెలుసు.

మరుసటి శుక్రవారం నేను ఆ తల్లికి ఇదంతా చెప్పలేదు. సగం మాత్రమే చెప్పినాను, బండి సంగతి లేకుండా. ఆమె చాలాసేపు ఆలోచించి, బాణం తగిలే దృశ్యం వేదిక మీద వద్దు, చప్పుడు మాత్రం వినిపిద్దాం, ఆశ్రమం దృశ్యం ఉంచుదాం అన్నది. మంచి దర్శకత్వమే. ఆమె కుమారుడే దశరథుడు. ఇత్తడి బిందెను రెండు చేతులా పట్టుకొని వచ్చి, నేను మీ అబ్బాయిని కాను అనడం అభ్యాసం చేస్తుంటే, గుడ్డితల్లి వేషం వేస్తున్న ఎనిమిదేళ్ళ పాప కళ్ళు తెరిచి నన్ను అడిగినది:

"తాతగారూ, మరి ఆ నీళ్ళు వాళ్ళు తాగారా?"

పుస్తకం తీసి చూసినాను. తండ్రి తన భార్యతో కలిసి కొడుకుకు ఉదకం విడిచినట్లు ఉన్నది. ఏ నీళ్ళతోనో లేదు. ఆ మాటే పాపకు చెప్పినాను. పాప కొంచెం ఆలోచించి, బిందెను దశరథుని చేతిలో నుంచి తీసుకొని తన పక్కన పెట్టుకొని మళ్ళీ కళ్ళు మూసుకొన్నది.